పెట్టుబడిదారీ బాబాయి

మా బాబాయికి కోపమొస్తే నోట బూతులు రావు. ‘పెట్టుబడిదారీ’ అన్న మాట ఒక్కటే వస్తుంది. రెండోసారి చట్నీ వెయ్యనిది పెట్టుబడిదారీ హోటలు. బంతి భోజనం మానేసి బఫే పెడితే పెట్టుబడిదారీ పెళ్ళి. క్యారమ్స్‌లో రెడ్డు కొట్టేసిన మనవడిది పెట్టుబడిదారీ ఆట. మరీ మండితే ఇంగ్లీషులోకి దిగి ‘క్యాపిటలిస్టిక్ మెంటాలిటీ’ అంటాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. భయమేసి కాదు, చెబితే 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక నుంచి మొదలెడతాడని.

ఆయన తప్పు కాదు, ఆ కాలం అలాంటిది. చదువుకునే రోజుల్లో విజయవాడ విశాలాంధ్ర పుస్తకాల షాపులో గట్టి అట్ట వేసిన మాస్కో పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. సినిమా టిక్కెట్టు డబ్బులు వాటికే పోసేవాడట. ఆ తర్వాత జాతీయ బ్యాంకులో ఉద్యోగం, దాంతోపాటు యూనియన్. పెళ్ళిరోజు ఎప్పుడో పిన్ని గుర్తుచేస్తే తప్ప తెలీదు గానీ, ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన 1969 జూలై 19 మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

నిజానికి ఆ మాటకి మార్క్స్ దగ్గర ఓ లెక్క ఉంది. కూలి ఇచ్చి పని చేయించుకుని, సరుకు అమ్ముకుని, చేతికొచ్చిన అదనపు విలువని మళ్ళీ పెట్టుబడిలో పోసే ఉత్పత్తి విధానం పెట్టుబడిదారీ విధానం. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం విప్పి చూపించింది దాన్నే. ఆ లెక్కన చట్నీ వెయ్యని సర్వరు కార్మికుడే కదా బాబాయ్ అన్నాను. “వాడు యజమాని భావజాలం ఒంటబట్టిన కార్మికుడ్రా” అన్నాడు. చట్నీ మాత్రం రాలేదు.

సొంత లెక్కల దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎటు పోతుందో పోతుంది. 2001లో వీఆర్ఎస్ తీసుకుని, ఆ డబ్బుతో మేడ మీద రెండు పోర్షన్లు వేశాడు. ఏటా అద్దె పెంచుతాడు. దాన్ని లాభం అనకూడదు, ద్రవ్యోల్బణం సర్దుబాటు అనాలి. నెలనెలా మ్యూచువల్ ఫండులో తను కట్టేది పొదుపు, మా బావ కట్టేది జూదం. రూపాయి పడిపోయిన రోజు అమెరికా సామ్రాజ్యవాదాన్ని దుమ్మెత్తిపోసి, ఆ నోటితోనే డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి “ఇవాళ పంపరా, రేటు బావుంది” అంటాడు.

మొన్న సంక్రాంతికి నేనక్కడ ఉండగానే పై పోర్షన్ కుర్రాడు గీజర్ పాడైందని చెప్పడానికి దిగొచ్చాడు. బాబాయి అతన్ని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, వస్తువులు మనిషిని ఎలా బానిసని చేస్తాయో పావుగంట బోధించాడు. వేణ్ణీళ్ళ స్నానం బూర్జువా అలవాటట. కుర్రాడు శ్రద్ధగా విని, గ్లాసు కింద పెట్టి, “అయితే ఈ నెల అద్దెలో ఐదొందలు తగ్గించి ఇస్తానండి. మీరు లాభం కోసం చెయ్యరు కదా” అన్నాడు. వంటింట్లోంచి పిన్ని నవ్వు వినిపించింది. సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చాడు.

నేనూ ఓ అస్త్రం వదిలాను. మార్క్స్‌కి లియోన్ ఫిలిప్స్ అని ఒకాయన ఉండేవాడు. తల్లి చెల్లెలి భర్త, అంటే మన వరసలో బాబాయే. షేర్లలో నాలుగొందల పౌండ్లకి పైగా సంపాదించానని 1864లో మార్క్స్ ఆయనకి గొప్పగా ఉత్తరం రాశాడు. ఆ లియోన్ కొడుకూ మనవడూ కలిసి 1891లో పెట్టిందే ఫిలిప్స్ బల్బుల కంపెనీ. ఇదంతా చెప్పి, ఇక ఓడిపోయాడు అనుకున్నాను. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూశావా, అంతటివాడే పెట్టాడు. నేను పెడితే మీకు కళ్ళమంట!” ఆ మర్నెల నుంచి ఫండులో కట్టేది మరో రెండు వేలు పెంచాడు.

అలాగని పూర్తిగా తీసిపారెయ్యడానికీ లేదు. రైతుబజారులో ఆకుకూరలమ్మే ముసలామె దగ్గర చిల్లర వెనక్కి తీసుకోడు. రిక్షా, ఆటో ఏదెక్కినా బేరం ఆడడు. పనిమనిషికి దసరాకి నెల జీతం బోనసు ఇస్తాడు. ఎంత మంచివారో అని ఎవరైనా పొగిడితే విసుక్కుంటాడు: “మంచితనమేంటి, అది ఆమె హక్కు.” యూనియన్ రోజుల్లో సమ్మె చేసి జీతం కోయించుకున్నప్పుడూ ఇంతే ధీమాగా ఉండేవాడని పిన్ని చెబుతుంది. ఆ నెలల్లో సరుకులు అరువు తెచ్చింది తనేనని కూడా చెబుతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఒకాయన ఉండే ఉంటాడు. సిద్ధాంతం మీద ఆయనతో వాదనకి దిగకండి. డబ్బు ఎందులో పెట్టాలో మాత్రం ఆయన్నే అడగండి. మా చుట్టాల్లో ఆయన చెప్పినచోట పెట్టి నష్టపోయినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.