రెప్ప వేస్తేనే ఖాతా!

కోవూరు బజారులో బ్యాంకు మెట్లెక్కే పనిలేదు, ఇంట్లోనే కూర్చుని నిమిషాల్లో ఖాతా తెరవచ్చన్నది ఆన్‌లైన్ బ్యాంకుల ఊరింపు. కానీ ఆధార్‌లో ముందున్న ఇంటిపేరు పాన్‌లో వెనక్కి పోయిందా, యాప్ మొరాయిస్తుంది. మన ఇళ్లలో ఈ తిరకాసు లేని కార్డులెన్ని? పోనీ, ఆధార్ ఓటీపీతోనే ఖాతా తెరిస్తే నిల్వ లక్ష దాటకూడదు; ఏడాదిలోపు వీడియోలోనో ముఖాముఖిగానో గుర్తింపు తేలకపోతే మూతే. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో వీడియో కేవైసీకి తలుపు తీసింది సరే, పాన్ కార్డు కెమెరాకు ఎత్తిపట్టి, రెప్ప వేయమంటే వేసి, తీరా సిగ్నల్ పోతే మళ్లీ మొదటికే!

మోసాలు ఆపాలంటే ఈ జాగ్రత్త తప్పదంటారు. నిజమే, అద్దె ఖాతాలతో జనాన్ని దోచే ముఠాలున్న రోజులివి. మరి రెప్ప వేయలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు ఏ ముఠా? వాళ్లకు వేరే దారి చూపమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెబితే గానీ వ్యవస్థకు తట్టలేదు. తనిఖీ వద్దని ఎవరూ అనడం లేదు. కానీ ఖాతా కాదన్నప్పుడు కారణం చెప్పాలిగా? అడిగితే బదులిచ్చేది చాట్‌బాట్. దానికి కోపం రాదు, సిగ్గూ రాదు. అయ్యా, శాఖ పెట్టకపోతే మానె, ఫోనెత్తే మనిషినైనా పెట్టండి.