రాశిఫలాల పేజీ

మా ఇంట్లో శాస్త్రీయ దృక్పథానికి అధికార ప్రతినిధిని నేనే. ఎవరూ నియమించలేదు. రాజ్యాంగం 51ఏ(హెచ్) ప్రకారం అది పౌరుడి ప్రాథమిక విధి అని మా ఆవిడతో అంటే, "చెత్తబుట్ట బయట పెట్టడం ఏ అధికరణంలో ఉందో కూడా చూడండి" అంది.

సెలవులకొచ్చిన మా బావమరిది కొడుకు ఫోన్లో ఒక బాబా వీడియో చూపించాడు. నీళ్లు నెత్తురవుతున్నాయి, ఎవరో చేతబడి చేశారట. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపేసిన వార్తలు మన పేపర్లలో ఇంకా వస్తూనే ఉన్నాయి. సరే, పిల్లల్ని కూర్చోబెట్టి పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపాను. ఎర్రబడ్డాయి. పసుపులోని కర్క్యుమిన్‌కి క్షారం తగిలితే అంతే, ఇందులో ఏ శక్తీ లేదని మీసం తిప్పాను.

"ఇవి దిష్టినీళ్లు కదా నాన్నా?" అంది మా అమ్మాయి. "కొత్త కారుకి తియ్యమని అమ్మని తొందరపెట్టింది నువ్వేగా?"

"అది సంప్రదాయం."

"మరి బాబాది?"

"మోసం."

"కెమిస్ట్రీ?"

"...ఒకటే."

మాట మార్చి జాతకాల మీద పడ్డాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన విద్యార్థులకు ఎవరి స్వభావం వాళ్లకి రాసిచ్చానని తలా ఒక కాగితం ఇచ్చాడు. అందరికీ ఇచ్చింది ఒకటే, అదీ చాలావరకు ఓ జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినది. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. నేనూ అలాగే చీటీలు రాసి కవర్లలో పెట్టి పంచాను: "మీ మంచితనాన్ని దగ్గరివాళ్లే గుర్తించరు. పైకి గట్టిగా కనిపిస్తారు గానీ మనసు వెన్న." పిల్లలు నోళ్లు తెరిచారు. మా అత్తగారైతే కళ్లు తుడుచుకుని, ఇది రాసిన మహానుభావుడి అడ్రసు అడిగారు. పెళ్లయ్యాక నా రాతని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు. రహస్యం చెప్పాక, "నువ్వు రాసినంత మాత్రాన అబద్ధమైపోతుందా?" అన్నారు.

అప్పుడు ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్‌ని ఆశ్రయించాను. పుణేలో ఆయన బృందం 27 మంది జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, ఏది చదువులో చురుకైన పిల్లలది, ఏది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలది చెప్పమంది. సరిపోయినవి సగటున 46 శాతం. "బొమ్మా బొరుసూ వేస్తే ఇంకాస్త నయం కదా మావయ్యా!" అన్నాడు బావమరిది కొడుకు. పాఠం తలకెక్కిందని పొంగిపోయాను.

అది మా అమ్మాయి తలకీ ఎక్కింది.

"ఆదివారం పేపర్లో నువ్వు ముందు తీసేది రాశిఫలాల పేజీయేగా?"

"తిట్టడానికి చదువుతానమ్మా."

"మిథునం ఒక్కదాన్నే తిడతావేం? మిగతా పదకొండూ ఏం పాపం చేశాయి?"

ఆ మధ్య ధనలాభం అని రాసిన వారంలోనే ఇన్‌కమ్‌ట్యాక్స్ రీఫండ్ వచ్చింది. ఆ మాట నోరుజారాను.

"ధనలాభం అని రాసీ పైసా రాని వారాలు లెక్కపెట్టావా?"

తగిలినవే కాదు, తప్పినవీ లెక్కపెట్టాలని దానికి నేర్పింది నేనే.

ఇప్పుడు ఆదివారం పేపరు ఆ పేజీ లేకుండానే నా చేతికొస్తోంది. పాఠకులకు మనవి: మీ పిల్లలకు ఇవన్నీ తప్పక నేర్పండి, పసుపూ సున్నమూ ఎంతో ఖర్చు కావు. అలాగే ఈ వారం మిథునానికి ఎలా ఉందో ఎవరైనా చూసి ఉంటే, మా అమ్మాయికి తెలియకుండా ఒక ముక్క నా చెవిన వెయ్యండి.