తప్పంతా స్విచ్చిదే

ఓమ్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ధీమాతోనే ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా వెనక నిలబడి ఉచిత సలహాలు పారేసేవాణ్ణి. మేడమెట్ల లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒకటి పెట్టించాల్సి వచ్చినప్పుడైతే "దీనికి మళ్లీ మనిషెందుకు, నేను లేనూ?" అనేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

షాపతను "మెట్లకా సార్? టూవే స్విచ్చిలు ఇమ్మంటారా?" అన్నాడు. ఖరీదైన సరుకు అంటగడుతున్నాడనుకుని మామూలువే తెచ్చుకున్నాను. గోడకెక్కించే ముందు చెక్కపలక మీద బిగించి చూద్దామన్న బుద్ధి మాత్రం ఎలా పుట్టిందో పుట్టింది. రెండింటినీ సీరీస్‌లో కలిపాను. రెండూ వేస్తేనే బల్బు వెలిగింది. ఇలా కాదని ప్యారలల్‌లో కలిపాను. ఏది వేసినా వెలిగింది గానీ, కింద వేసినవాడు పైకెళ్లి ఆర్పలేడు, ఆర్పడానికి మళ్లీ కిందికే దిగాలి. స్విచ్చిలే నాసిరకమని తేల్చి, షాపతనితో పోట్లాటకి వెళ్లాను.

అతను నవ్వకుండా టూవే స్విచ్చి వెనక్కి తిప్పి చూపించాడు. మామూలు స్విచ్చికి రెండు టెర్మినల్స్, దీనికి మూడు. ఫేజు వచ్చి కింది స్విచ్చి మధ్య టెర్మినల్‌లో చేరుతుంది, పై స్విచ్చి మధ్య టెర్మినల్ నుంచి హోల్డరుకి పోతుంది. అటూ ఇటూ మిగిలిన టెర్మినల్స్‌ని రెండు తీగలు కలుపుతాయి. రెండు స్విచ్చిలూ ఒకే తీగ మీదకి వాలితే వెలుగు, చెరొక దాని మీద ఉంటే చీకటి. అంటే ఈ స్విచ్చికి విడిగా ఆన్ అని గాని ఆఫ్ అని గాని లేదు! నాకది మింగుడు పడలేదు. పైగా లైటు ఆరి ఉన్నా ఆ రెండు తీగల్లో ఒకదానిలో ఫేజు ఎప్పుడూ ఉండనే ఉంటుందట. సరేలెమ్మని తలూపి వచ్చేశాను.

ఊపిన తలలోకి ఏమీ ఎక్కలేదని ఆ సాయంత్రమే రుజువైంది. పలక మీద ఒక్క బల్బు, ఒక్క స్విచ్చి. ఎర్రతీగ ఫేజు, నల్లతీగ న్యూట్రల్. ఏది తెంచితేనేం, బల్బు ఆరుతుంది కదా అని నల్లదాన్ని స్విచ్చికి కలిపాను. ఆరింది కూడా. బల్బు ఊడదీసి హోల్డరులో టెస్టరు పెడితే మాత్రం ఎర్రగా వెలిగింది. టెస్టరు పాడైందని తీర్మానించి, వేలు పెట్టి చూశాను. 230 వోల్టులు భుజం దాకా ఝాడించి కొట్టాయి. కాళ్లకి రబ్బరు చెప్పులుండబట్టి ఇది రాస్తున్నాను. స్విచ్చి న్యూట్రల్‌లో ఉంటే బల్బు ఆరుతుందే గాని, హోల్డరు దాకా ఫేజు వచ్చి కూర్చునే ఉంటుంది. అందుకే స్విచ్చి ఫేజులోనే ఉండాలి.

చివరికి మెట్ల లైటు ఎలక్ట్రీషియనే బిగించాడు. ఈసారి వెనక నిలబడ్డాను గానీ, నోరు మెదపలేదు.

మీ ఇంట్లో స్విచ్చి ఆపాక కూడా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటుంటే, న్యూట్రల్‌కి స్విచ్చి పెట్టి ఉండటం దానికొక కారణం కావచ్చు. తెలిసినవాళ్లకి చూపించండి. హోల్డరు ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. ఆపాక టెస్టరు పెట్టి చూడండి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో, మెయిన్ ఆపకముందే కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకోండి.