‘కావున’కు టీకా

మూలం (పుంగనూరు ప్రతి, తొమ్మిదో తరగతి): ఆవు సాధుజంతువు. దానికి నాలుగు కాళ్లు, ఒక తోక ఉండును. కావున ప్రతి ఒక్కరూ ఆవును పెంచవలెను.

అవతారిక: విషయం తెలిపే వ్యాసం ఒకటి, ఒప్పించే వ్యాసం ఒకటి రాయమన్నాను. ఈ సూత్రకారుడు మూడు వాక్యాల్లో రెండూ ముగించి ఆటకు పోయినాడు.

ప్రతిపదార్థం: ఆవు = ఎవరిదో, ఏ ఊరిదో తెలియని, గైడులో మేసే ఆవు; సాధు = పొడవనిది (పాలు పితకబోయి తన్నులు తిన్నవారు ఈ అర్థం ఒప్పరు); ఉండును = ఇంట్లో ‘ఉండాది’, నోటుబుక్కులోకి వస్తూ చొక్కా టక్కు చేసుకున్నది; కావున = దీనికి అర్థం దొరకలేదు.

విశేషం: బల్లికీ నాలుగు కాళ్లు, ఒక తోక. కావున ప్రతి ఒక్కరూ బల్లిని పెంచవలెను. దీన్నే తార్కికులు అతివ్యాప్తి అన్నారు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. విషయం తెలిపే వ్యాసానికి ఆ ఒట్టు చాలు. కాళ్ల లెక్క అక్కడే రాలిపోతుంది.

సూత్రకారుణ్ణి పిలిచి అడిగాను: ‘‘మీ ఇంట్లో ఆవుందా?’’

‘‘ఉండాది సార్. పుంగనూరు ఆవే. నా నడుము కాడికి గూడా రాదు. తలుపు తీసుంటే వంటింట్లోకి వచ్చేస్తాది, మా అవ్వ కొంగు నములుతాది.’’

‘‘మరి ఇది రాయలేదేరా?’’

‘‘గైడులో లేదు సార్.’’

శంక: ఆవు పొట్టిదైతే పాలూ తక్కువే కదా, జెర్సీ మేలు కాదా? ఇదే పూర్వపక్షం. మన శాస్త్రకారులు ఎదుటివాడి మాటను ముందు నిలబెట్టి, ఆ తర్వాతే తమ మాట ఎత్తేవారు. బడిలో మాత్రం ఎదుటివాడు లేకుండానే గెలిపిస్తున్నాం. సమాధానం: ఈ పొట్టి ఆవుకు మేత తక్కువ, వానలేని సీమకు తట్టుకుంటుంది, పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందంటారు. ఇప్పుడు ‘కావున’ అను, వింటాను.

మదనపల్లె ప్రతిలో ఈ పదమే లేదు. టమోటా గురించి ఒక పిల్ల రాసింది. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు వాళ్ల నాయన ఇంటికి మిఠాయి తెచ్చాడట. ఇంకో ఏడు మండీలో బాక్సులు దించితే వచ్చిన డబ్బు ఆటో బాడుగకు చాలలేదట. ఖాళీ బాక్సులు మోసుకొచ్చి గోడకు పేర్చి, ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదట. గిట్టుబాటు ధర ఇవ్వవలెను అని ఆ పిల్ల ఎక్కడా అనలేదు. నేను ఒప్పుకున్నాను.

కుప్పం పాఠాంతరం: కావున = అందుకే. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. అక్కడి పిల్లోడు సంతలో తమిళాయనతో ఒక తీరుగా, కన్నడాయనతో ఇంకో తీరుగా బేరమాడతాడు. ఎవరికి చెబుతున్నామో తెలియనిదే ఒప్పించలేమని వాడికి ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో అక్కడికి వచ్చింది, బేరం అంతకు ఎంతో ముందే ఉంది.

అయ్యవార్లకు మనవి: ‘కావున’ కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేయకండి. పక్కన ‘ఎందుకురా?’ అని రాసి, కింద నాలుగు గీతలు వదలండి.