పది పాయింట్ల పట్నం

విశాఖపట్నాన్ని ఒక్కరోజులో చూసెయ్యొచ్చని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి బీచ్ రోడ్డులో ఒక విగ్రహం బాకీ పడ్డాం. అక్కడ ఇప్పటికే విగ్రహాలు బారులు తీరి ఉన్నాయి కాబట్టి ఇంకొకటి పెట్టినా ఎవరూ గమనించరు. ఏ ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళినా గోడ మీద ఆయన సిద్ధాంతమే. పొద్దున్న ఎనిమిదికి పికప్, రాత్రి ఎనిమిదికి డ్రాప్, మధ్యలో పది పాయింట్లు. సింహాచలం, జూ, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, సబ్‌మెరైన్, విమానం, చివర్న ఆర్కే బీచ్. భోజనం ఖర్చు మీదే, పార్కింగు మీదే, టిక్కెట్లు మీవే. చూసే బాధ్యత కూడా మీదే గానీ, దానికి టైము కేటాయించలేదు.

వేసవి సెలవుల్లో ఈ ఊళ్ళో కాపురం ఉన్నవాళ్ళకి చుట్టాలు తప్పరు. ఏడుగురు పట్టే బండిలో తొమ్మిదిమంది సర్దుకుంటారు. డ్రైవరు ప్రతి పాయింటు దగ్గరా "బేగి రండి బాబూ, ఇంకా ఆరున్నాయి" అంటాడు. ఆయన తప్పేం లేదు, రాత్రికి బండి ఓనరుకి అప్పజెప్పాలి. రాత్రి ఫోన్లో విజయవాడ నుంచి వచ్చే ప్రశ్న కూడా అదే లెక్కలో ఉంటుంది. "ఎన్ని కవరయ్యాయి బావా?" ఏం చూశారని ఎవరూ అడగరు. పెళ్ళికెళ్ళి చదివింపులు రాయించేసి, భోంచేసి, వధూవరుల పేర్లు శుభలేఖలో చూసుకోవచ్చులే అని వచ్చేసే పద్ధతి ఇది.

సింహాచలంతో మొదలుపెడదాం, అందరూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి. అప్పన్న స్వామి నిజరూపం చూపించేది ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయ నాడు. మిగతా రోజులన్నీ ఒంటినిండా చందనమే. క్యూలో గంటన్నర నిలబడి, గర్భగుడి ముందు మూడు క్షణాలు ఆగి, బయటికొచ్చాక "విగ్రహం సరిగ్గా కనబళ్ళేదోయ్" అని మా చుట్టాలు గొణుక్కుంటారు. కనబడకూడదనే కదా అంత చందనం! అదే ఆవరణలో 11వ శతాబ్దం నాటి చోళుల శాసనం దగ్గర్నుంచి 1516లో శ్రీకృష్ణదేవరాయలు వేయించిన దాని వరకూ వందల శాసనాలున్నాయి. కళింగం మీద దండెత్తి వచ్చిన రాయలు కూడా ఇక్కడ ఆగి, దండం పెట్టి, నగలిచ్చి, రాయించి మరీ వెళ్ళాడు. ఆయనకి పది పాయింట్ల ప్యాకేజీ లేదు పాపం.

సబ్‌మెరైన్ కథ ఇంకా బాగుంటుంది. ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. మరుసటి సంవత్సరం ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. తొంభయ్యొక్క మీటర్ల ఇనుప గొట్టంలో డెబ్భై మందికి పైగా మనుషులు టార్పెడోల పక్కన పడుకుని, నీళ్ళు పొదుపుగా వాడుకుంటూ వారాల తరబడి బతికారు. గైడ్లలో చాలామంది నేవీలో పనిచేసి వచ్చినవాళ్ళే, అడిగితే చెబుతారు. అడిగే వ్యవధి ఏదీ? వెనకాల కుటుంబం తోస్తుంటుంది, ముందు కుటుంబం గుండ్రటి తలుపులో ఫొటో దిగుతుంటుంది. ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగేసరికి సగంమందికి ఇదే ఘాజీ అని గట్టి నమ్మకం కుదిరిపోతుంది. ఘాజీ పాకిస్తాన్‌ది. 1971 డిసెంబరులో ఇక్కడే, విశాఖ తీరానికి కాస్త దూరంలో మునిగి, ఇంకా సముద్రం అడుగునే ఉంది. "మరి దీన్నెప్పుడు ముంచారు?" అని ఒక పెద్దమనిషి అడగ్గా విన్నాను. గైడు మొహంలో ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసు ఒక్కసారి మునిగింది.

తొట్లకొండ దగ్గర దిగినవాళ్ళు దిగుతారు, దిగనివాళ్ళు ఏసీలో ఉంటారు. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు వర్షాకాలమంతా కదలకుండా కూర్చున్న కొండ అది. మనవాళ్ళు పది నిమిషాలు కూర్చోలేరు. "ఏముందిక్కడ, ఇటికలేగా!" ఎర్రమట్టి దిబ్బలకి ఆ నింద లేదు, ఎందుకంటే అక్కడ మన సినిమాల పాటలు తీశారు. వేల ఏళ్ళ తరబడి గాలీ నీరూ సముద్రమూ కలిసి పేర్చిన ఇసుక అది, దేశం గుర్తించిన భూవారసత్వ స్థలం. దాని మీద మేకుతో పేరు చెక్కి, పక్కన గుండె బొమ్మ గీసి, వారసత్వానికి మన వాటా మనం కలుపుతున్నాం.

కైలాసగిరి మీద ఇప్పుడు గాజు వంతెన కూడా వచ్చింది. దాని మీద నిలబడి అందరూ తమ కాళ్ళకేసి చూసుకుంటారు. తలెత్తితే ఎదురుగా లంగరేసిన ఓడలు. "అవన్నీ నేవీవా నాన్నా?" అని పిల్లాడు అడుగుతాడు. "ఆఁ, నేవీవే" అంటాడు తండ్రి. అవి బొగ్గో ఖనిజమో ఎరువులో మోస్తూ, బెర్తు ఖాళీ కోసం వంతు చూసుకుంటున్న సరుకు ఓడలు. 1933లో రేవు తెరిచినప్పుడు ఈ ఊరు చిన్న పట్నం. తర్వాత ఇక్కడ పెరిగినదంతా ఆ నీటిదారి పుణ్యమే. 1942 ఏప్రిల్లో జపాను విమానాలు వచ్చి బాంబులేసింది కూడా ఈ రేవు కోసమే. పేలకుండా మిగిలిన బాంబు బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియంలో ఉంది. అయితే అది పదకొండో పాయింటు కాబట్టి లిస్టులో లేదు.

ఆ జపానుకే 1960ల్లో ఇనుప ఖనిజం పంపడానికి బైలడిల్లా కొండల నుంచి ఇక్కడికి రైలుమార్గం వేశాం, వాళ్ళ సాయంతోనే. మర్నాడు అరకు రైలెక్కి పిల్లలు "ముప్ఫై, ముప్ఫయ్యొకటి" అని కేకలేస్తూ లెక్కపెట్టే సొరంగాలన్నీ ఆ ఖనిజం కోసం తొలిచినవే. మనం ఆ రైలుకి అద్దాల పెట్టె తగిలించాం. ఎదురొచ్చే గూడ్సుబండి కోసం మన రైలు అరగంట ఆగితే "ఛీ, ఏం రైల్వే" అని విసుక్కుంటాం. నిజానికి ఆ దారిలో చుట్టం గూడ్సు కాదు, మనం.

ఇక తిండి. ఇక్కడే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. హైదరాబాదు నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చి, "ఇక్కడ మంచి బిర్యానీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవాళ్ళని ఏం చెయ్యాలి? బిర్యానీ కాదంటే మండీ. అలలు కాళ్ళ దగ్గరికొచ్చే చోట కూర్చుని పనీర్ బటర్ మసాలా. కాస్త తెలిసినవాళ్ళు మాత్రం చేపే కావాలంటారు, అదీ పొద్దున్న పట్టిన వంజరమే కావాలని పట్టుబడతారు. వాళ్ళు వచ్చేది మే నెలలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ కట్టేసి, వలలు కుట్టుకుంటూ ఉంటారు. అయినా హోటల్ కుర్రాడు "ఇయ్యాల పొద్దున్నే వచ్చిందండి" అంటాడు. నిజమే, ఐసు పెట్టెలోంచి పొద్దున్నే వచ్చింది. తెప్ప మీద వెళ్ళిన ముసలాయన తెచ్చిన నాలుగు కవ్వళ్ళు, గుప్పెడు నెత్తళ్ళు మాత్రం అసలు తాజావి. వాటిని ఎవరూ అడగరు, ముళ్ళుంటాయని.

బొంగులో చికెన్ సంగతి సరేసరి. అరకు గిరిజనుల ఇంటి వంట ఇప్పుడు హైవే మీద ప్రతి మలుపులోనూ పొగలు కక్కుతోంది. తినడానికి రెండు నిమిషాలు, బొంగు పగలగొట్టే వీడియోకి పది. అరకు కాఫీకి 2017లోనే పారిస్‌లో దుకాణం తెరిచారు. అరకులో దిగిన మనవాళ్ళు టీ అడుగుతారు. ఇంత తిరిగి ఇంటికి పట్టుకెళ్ళేదేమిటంటే ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా. పక్కనే మాడుగులలో గోధుమపాలతో గంటల తరబడి కలిపే హల్వా ఉంది, అనకాపల్లి బెల్లం ఉంది. రెండూ గోదావరి జిల్లాల నుంచి రాలేదు కాబట్టి వాటికి విలువ లేదు.

ఈ మొత్తంలో ఇద్దరే నాకు గౌరవనీయులు. ఒకరు తెల్లవారుజామున లేచి స్టీలు క్యారేజీలో పులిహోర కలుపుకొచ్చిన వదినగారు. రెండోవారు మోకాళ్ళ నొప్పులతో "మీరు చూసి రండర్రా, నేను బండి దగ్గర ఉంటాను" అని ప్రతి పాయింటు దగ్గరా ఆగిపోయిన అమ్మమ్మగారు. కిటికీ దించుకుని సముద్రాన్ని గంటసేపు చూసింది ఆవిడొక్కర్తే.

ప్రభుత్వాలకి కూడా ఈ పాయింట్ల జబ్బే. చూడ్డానికి సముద్రం చాలదనిపించి 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని కొసనున్న వేదిక విడిపోయి అలల మీద ఊరేగింది. అలల ఉధృతిని పరిశీలించడానికి మేమే విడదీశామని అధికారులు వివరణ ఇచ్చారు. అన్నట్టు, ఆర్కే బీచ్ అలలు ఏటా ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. లైఫ్‌గార్డు ఈల వేస్తే, ఆ ఈలతో సహా రీలు తీసుకుంటున్నారు.

కారులో వచ్చేవాళ్ళు చాలామంది అనకాపల్లి దాటాక కూర్మన్నపాలెం మీదుగా వస్తారు. ఉక్కునగరం ఆర్చి అక్కడే, రహదారి పక్కనే. 1966లో ఈ ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఆంధ్రదేశమంతా రోడ్డెక్కింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1992 ఆగస్టులో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021లో అమ్మేస్తామంటే, కార్మికులు ఆ ఆర్చి దగ్గరే శిబిరం వేసుకుని ఏళ్ళ తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. బండి అక్కడ సిగ్నల్లో ఆగుతుంది. వెనక సీట్లో పిల్లాడు నిద్రలేచి కళ్ళు నులుముకుంటూ "వైజాగ్ వచ్చేసిందా నాన్నా?" అంటాడు.

"ఇంకా లేదమ్మా, పడుకో. బీచ్ వస్తే లేపుతాను."