మామ్మకు నాలుగు వేలు, మాజీకి ముప్పై ఒక్క వేలు

దేశం ఎందుకు బాగుపడటం లేదో తెలుసుకోవాలంటే ఢిల్లీ దాకా పోయి ఆర్థికవేత్తల్ని అడగక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలులో పొద్దున్నే ఏదో ఒక టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు. "ముసలోళ్లకి నెలకి నాలుగేలు ఊరికే పంచిపెడుతుంటే ఇంకేం బాగుపడుద్దండీ? సోమరిపోతులు తయారవుతున్నారు" అని ఓ పెద్దమనిషి తేల్చేస్తాడు. ఆయన ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవాడు, బ్యాంకులో పింఛను పడిన మెసేజీ చూసుకునే టీకి వచ్చాడు. పక్కన తలాడిస్తున్నాయన పొలమంతా కౌలుకిచ్చినవాడు. పెట్టుబడి, అప్పు, తుఫాను కౌలురైతు వంతు. పీఎం కిసాన్ మాత్రం ఈయన ఖాతాలో పడుతుంది. ఇద్దరూ కలిసి ఉచితాల మీద యుద్ధం ప్రకటించి, టీ డబ్బులు ఎవరిస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నేను వాళ్లకు ఎదురుచెప్పదలచుకోలేదు. 2022 జులై 16న బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ వే ప్రారంభిస్తూ ప్రధానమంత్రే ఉచితాలను రేవడీ పంపకమని దెప్పిపొడిచాక మనమెంత? అందుకే ఒప్పేసుకుని, ఈ సోమరితనం ఎంత ముదిరిందో చూద్దామని బయల్దేరాను.

డెబ్బై దాటిన మామ్మను తీసుకోండి. పదేళ్ల వయసులో అమ్మ వెంట పొలానికి పోయింది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల కింద నాట్లేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది, మాగాణి ఆరాక మినుము పీకింది. పీఎఫ్ అనీ గ్రాట్యుటీ అనీ కొన్ని ఉంటాయని ఆమెకు చెప్పినవాడు లేడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మంచంలో కూర్చుంది. ఆ నాలుగు వేలే రాకపోతే ఈపాటికి లేచి, సుద్దపల్లి క్వారీకి పోయి గ్రావెల్ తట్టలెత్తి జీడీపీని ఒక అంగుళం పైకి నెట్టేది కదా! చేజేతులా పాడుచేశారు.

నాలుగు వేలంటే రోజుకి 133 రూపాయలు. ఈ సొమ్ముతో మామ్మ వెలగబెట్టే భోగాలు ఇవీ: బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు, పాల ప్యాకెట్టు, కూరగాయలు, గ్యాసు బండలో తన వాటా, మోకాళ్లకు రాసుకునే మందు. మిగిలితే మనవడికి పది రూపాయల చిప్స్ ప్యాకెట్టు. మిగలకపోతే షుగరు బిళ్ల రోజు విడిచి రోజు.

ఇక ఆ డబ్బు ఊరికే వస్తుందన్న మాట సంగతి. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి గుమ్మం ముందు నిలబడతాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేలిముద్రల మిషను. "మామ్మా, వేలు పెట్టు." పెడుతుంది. పడదు. "తుడుచుకుని పెట్టు." కొంగుతో తుడుచుకుని పెడుతుంది. పడదు. "ఇంకో వేలు." పదివేళ్లూ అయిపోతాయి. నారు పట్టి, కొడవలి పట్టి, అంట్లు తోమి ఆ గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. జీవితమంతా పనిచేసిందనడానికి అంతకు మించిన సర్వీసు రిజిస్టరు ఎక్కడుంటుంది? మిషనుకి మాత్రం అది లోపం. చివరికి మొహం చూపించమంటాడు. "కళ్లు పెద్దవి చెయ్యి మామ్మా" అంటే శుక్లాల ఆపరేషనైన కన్నును ఆమె పాపం పెద్దది చేస్తుంది. అదే టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకున్న పెద్దమనిషి వేలు ఆ మిషను మీద పెట్టండి, మొదటిసారికే టక్కున పడుతుంది. సోమరి ఎవరో ఆ మిషనుకున్నంత తెలివి కూడా మనకు లేకపోయింది.

తలరాతల విషయంలో చేబ్రోలుకు కాస్త పలుకుబడి ఉంది. బ్రహ్మకు గుళ్లు ఉండటమే అరుదు. అలాంటిది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఇక్కడ కోనేరు మధ్య చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించారు. ఏం లాభం? ఆయన నాలుగు తలలతో ఆలోచించి రాసిన రాత ఇప్పుడు ఆరు అంచెల తనిఖీలో నెగ్గాలి. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకి 10,000 దాటకూడదు, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. ఇంట్లో కారుండకూడదు, సర్కారు ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాడు ఉండకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు. బ్రహ్మరాత చెరిపేవాడు లేడని మన పెద్దలు పొరబడ్డారు. ఇక్కడ చెరిపేసి, కారణం కూడా చెబుతారు: "సిస్టంలో అలా చూపిస్తోంది మామ్మా, మా చేతుల్లో ఏం లేదు."

ఆ సిస్టంకి మనుషుల మీద ఉన్న నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది. రేషన్ కార్డులో కొడుకు పేరుంది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, టాక్సు కడుతున్నాడు. కాబట్టి తల్లిని చూసుకుంటున్నాడు! సంక్రాంతికి ఒక చీర, మధ్యలో రెండు ఫోన్లు, అంతకు మించి రూపాయి రాలట్లేదంటే సిస్టం వినదు. కంప్యూటర్ దృష్టిలో ఆంధ్రదేశంలో కొడుకులందరూ శ్రవణకుమారులే. అంత బాగా చూసుకుంటుంటే 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల పోషణ చట్టం ఎందుకు చేసినట్టో ఆ కంప్యూటర్నే అడగాలి. ఆ చట్టం కింద చేబ్రోలు మామ్మ తెనాలి ఆర్డీఓ దగ్గరకెళ్లి, కన్నకొడుకు మీద అర్జీ పెట్టుకోవచ్చు. అంటే సర్కారు దగ్గరే ఒక బల్ల మీద కొడుకు చూస్తున్నాడు కాబట్టి పింఛను లేదు, ఇంకో బల్ల మీద కొడుకు చూడట్లేదు కాబట్టి కేసు పెట్టుకో. రెండు బల్లలకీ మధ్య ఆమె ఆటో చార్జీ.

ఇంటికి ఒకటే పింఛను అన్న నియమం ఇంకా గొప్పది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ అరవై దాటినా ఒకరికే వస్తుంది. ఆకలి కూడా ఇంటికొకటే ఉంటుందన్నది ప్రభుత్వ సిద్ధాంతం. పింఛను తీసుకునే భర్త చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. మంచిదే. కానీ అర్హత సంపాదించడానికి ఆవిడ చెల్లించిన రుసుము ఏమిటో ఎవరూ గమనించలేదు.

కన్న కొడుకుల సంగతి అటుంచితే, మన ముసలివాళ్లకు ఓట్ల పండక్కి పుట్టే పెద్దకొడుకులకు కొదవలేదు. గద్దె మీదకు వచ్చిన ప్రతివాడూ మీ ఇంటి బిడ్డనే అంటాడు. ఆ బిడ్డల ప్రేమను తారీకుల్లో చూద్దాం. 2006లో 200 రూపాయలైన పింఛను 2014 దాకా అక్కడే కూర్చుంది. ఎనిమిదేళ్లలో బియ్యం ధర పెరిగింది, మందుల ధర పెరిగింది, తల్లి వయసు పెరిగింది, బిడ్డకు గుర్తు రాలేదు. 2014 అక్టోబరులో 1,000 అయింది. 2,000 అయింది ఎప్పుడు? 2019 జనవరిలో, ఎన్నికలు గుమ్మంలోకొచ్చాక. తర్వాత వచ్చిన బిడ్డ మూడు వేలిస్తానని చెప్పి 2,250 దగ్గర మొదలుపెట్టి 250 చొప్పున మెట్లెక్కి, మూడు వేల మెట్టు మీదకు 2024 జనవరిలో చేరాడు. అప్పుడూ ఎన్నికలే. ఆ తర్వాతి బిడ్డ 4,000 చేసి, మూడు నెలల బకాయితో కలిపి 2024 జులై 1న పెనుమాకలో 7,000 చేతిలో పెట్టాడు. ఈ మధ్యలో పథకం ఎన్టీఆర్ భరోసా నుంచి వైఎస్సార్ కానుకై, మళ్లీ ఎన్టీఆర్ భరోసా అయింది. మామ్మ మాత్రం అన్ని కాలాల్లోనూ "పింఛనొచ్చిందా అబ్బాయ్?" అనే అడిగింది.

ఇందులో మెచ్చుకోవాల్సింది లేదా అంటే ఉంది. ఇంత మొత్తం ఇచ్చే రాష్ట్రాలు దేశంలో అరుదు. గుమ్మం ముందుకు తెచ్చివ్వడం చిన్న మేలు కాదు. అది ఎంత మేలో 2024 ఏప్రిల్‌, మే నెలల్లో తెలిసొచ్చింది. అప్పటిదాకా పింఛను ఇంటికి తెచ్చిచ్చిన వలంటీర్లను ఎన్నికల సంఘం పక్కన పెట్టమంది. ఏప్రిల్లో సచివాలయాల దగ్గర, మే నెలలో బ్యాంకుల దగ్గర ముసలివాళ్లు నిప్పులు చెరిగే ఎండలో బారులు తీరారు. పాపం మీదంటే మీదని పార్టీలు టీవీల్లో కొట్టుకున్నాయి. ఏసీ గదుల్లో కూర్చునే కొట్టుకున్నాయి.

ఇప్పుడు ఢిల్లీ ఔదార్యానికి వద్దాం. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను నెలకి 75 రూపాయలతో మొదలైంది. 2006లో 200 చేశారు. 79 ఏళ్ల దాకా కేంద్రం వాటా ఇవాళ్టికీ ఆ 200 రూపాయలే. 80 నిండితే 500. అంటే కేంద్రం మీకు ఐదొందలివ్వాలంటే ముందు మీరు చావకుండా ఉండి చూపించాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. కూలీ ఒక పూట సంపాదించేదానికన్నా కాస్త ఎక్కువ, వృద్ధురాలికి నెలంతటికీ ఢిల్లీ పంపుతోంది. పెంచండి బాబూ అని పార్లమెంటు స్థాయీ సంఘం మళ్లీ మళ్లీ చెప్పింది. ఖజానాలో డబ్బు లేదు కాబోలు.

అయితే 2025 మార్చి 24న ఆ ఖజానాలోనే డబ్బు దొరికింది. మాజీ ఎంపీల పింఛను నెలకి 25,000 నుంచి 31,000 అయింది, అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. ఎందుకయ్యా అంటే ధరలు పెరిగాయట! ధరల సూచీని బట్టి ఐదేళ్లకోసారి పెంచేలా 2018లోనే చట్టం చేసిపెట్టుకున్నారు. పార్లమెంటులో ఎంత కాలం కూర్చున్నారన్న పట్టింపు లేదు. ఐదేళ్లు దాటితే మాత్రం ప్రతి ఏడాదికీ నెలకి 2,500 అదనం. ఆ సూచీ కంటికి మామ్మ కొనే కందిపప్పు ఎందుకు ఆనలేదో తెలియదు. బహుశా వేలిముద్ర పడి ఉండదు.

టీ కొట్టు పెద్దమనిషి ఈ పాటికి లేచి, "నాది వేరండీ, నేను సర్వీసు చేశాను, నాది హక్కు" అంటాడు. అక్షరాలా నిజం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. పింఛను యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అంది. రిటైరైనవాళ్లు ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినోత్సవం చేసుకుంటారు, దండలు వేసుకుంటారు, కరువు భృతి బకాయిల మీద తీర్మానాలు చేస్తారు. చెయ్యాల్సిందే. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) కోసం ఉద్యోగులతో కలిసి విజయవాడ రోడ్లు నింపినప్పుడు వాళ్లను సోమరిపోతులని ఎవరన్నా అంటే ఊరుకునేవాళ్లా? ఆఫీసులో ఫైలు మోస్తే సేవ, పొలంలో వరిమోపు మోస్తే కాదన్న తీర్పు ఏ కోర్టు ఇచ్చిందో ఆయన చెప్పాలి. ఆయన తిన్న అన్నం ఆ మోపు లోదే కదా.

పోనీ పింఛనిస్తే దేశం పాడవుతుందన్న ఈ భయం మనకొక్కరికే పుట్టిందా అంటే కాదు. 1908లో బ్రిటన్‌లో డెబ్బై దాటిన పేదలకు వారానికి ఐదు షిల్లింగుల పింఛను చట్టం చేస్తుంటే, సామ్రాజ్యానికి చావుదెబ్బ తగులుతుందని మాజీ ప్రధాని రోజ్‌బరీ ప్రభువుల సభలో వాపోయాడు. ఒళ్లొంచకుండా తిరిగినవాడికి పింఛను లేదని ఒక షరతు కూడా పెట్టారు. తర్వాత సామ్రాజ్యం పోయిన మాట నిజమే. కానీ లండన్‌లో ముసలమ్మలు ఐదు షిల్లింగులు తీసుకున్నందుకు పోలేదు. ఇదే జిల్లాలోని పెదనందిపాడు రైతులు 1921-22లో పన్ను కట్టం పొమ్మన్నట్టు, ఊరూరా జనం ఎదురుతిరిగితే పోయింది.

ఖజానా భారం గురించి బెంగపడేవాళ్ల కోసం నా దగ్గర ఒక పొదుపు ప్రణాళిక ఉంది. మామ్మకు పెట్టిన నియమాలే మాజీ ఎంపీగారికీ పెడదాం. ఇంట్లో కారుందా? తీసెయ్యండి. ఏసీలకి కరెంటు 300 యూనిట్లు దాటిందా? తీసెయ్యండి. కొడుకు టాక్సు కడుతున్నాడా? అయితే వాడే చూసుకుంటాడు, తీసెయ్యండి. భార్యకూ పింఛనుందా? ఇంటికొకటే. అన్నీ దాటి మిగిలితే ఒకటో తారీకు పొద్దున్నే గుమ్మంలో నిలబడి వేలు పెట్టాలి, పడకపోతే కళ్లు పెద్దవి చెయ్యాలి. డబ్బు చేతిలో పెడుతుండగా వార్డు నాయకుడితో నవ్వుతూ ఫొటో దిగాలి. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పడ్డాక కింద ఎవరో ఒకరు "సోమరిపోతులు" అని రాస్తే చదువుకోవాలి. టీ కొట్టు పెద్దమనిషికీ ఇదే వరస.

ఇది మరీ అన్యాయం, పెద్దవాళ్ల పరువు తీయడమే అంటారా? అయితే రెండో దారి. వాళ్లకున్న నియమాలే మామ్మకు పెట్టండి. అరవై నిండితే చాలు, కొడుకు జీతంతో పనిలేదు, మొగుడి చావుతో పనిలేదు. ధరలు పెరిగితే ఏ బిడ్డ సంతకం కోసమూ చూడకుండా పింఛను దానంతట అదే పెరగాలి. ఢిల్లీ వాటా 200 దగ్గర నుంచి లేచి నడవాలి. పథకానికి ఎవరి పేరూ వద్దు, గుమ్మంలో ఎవరి ఫొటో వద్దు.

రెండిట్లో ఏది అమలు చేసినా నాకు అభ్యంతరం లేదు. మొదటిది చేస్తే ఖజానా మిగులుతుంది, రెండోది చేస్తే మామ్మ మిగులుతుంది. రెండూ కుదరవనేవాళ్లు కనీసం టీ డబ్బులు ఇచ్చేసి మాట్లాడండి. కొట్టువాడికీ అరవై దాటింది, వాడికింకా పింఛను రాలేదు.