వేలు ఆనితే పడే అక్షరం

మా రోజుల్లో టైపు మిషను మీద చేతులు పెట్టుకొని కూచోవచ్చు. ఎనిమిది వేళ్లు నడి వరుసలో ఆనించి, వచ్చిన ఆసామి హద్దులు చెబుతుంటే వింటూ, తూర్పున ఎవరి పొలం, పడమట ఏ వాగు అని మనసులో సర్దుకొని, మాట కుదిరాక కొట్టేవాళ్లం. ఎంతసేపు ఆలోచించినా కాగితం మీద ఒక్క చుక్క పడేది కాదు. ఇప్పుడు చేవెళ్లలో ఏ జిరాక్స్ షాపుకైనా పోయి చూడండి. పిల్లలు కీబోర్డు మీద చేతులు ఆనించడానికే జంకుతారు, ఆనిస్తే ఏదో ఒక అక్షరం పడుతుంది. దాన్ని చెరపబోతే పక్కది కూడా పోతుంది. మళ్లీ అది కొట్టాలి. ఈ తంతుకు వీళ్లు పెట్టుకున్న పేరు స్పీడు.

నేను చేవెళ్లలో జాబ్ టైపింగ్ చేసి బతికినవాణ్ని, ఉండేది మొయినాబాద్‌లో. మర్రిచెట్ల నీడన పోయే బస్సులో రోజూ ఆ రోడ్డు మీద తిరిగాను. మేం టైపు నేర్చుకున్నప్పుడు వారాల తరబడి ఆ నడి వరుస తప్ప వేరేది ముట్టనిచ్చేవారు కాదు. చూపు కాగితం మీదనే ఉండాలి, మణికట్టు పైకి ఉండాలి, వేలు నిలువుగా దిగి కొట్టి వెంటనే లేవాలి. ఇంగ్లిష్ హయ్యర్ పరీక్ష పాసవ్వాలంటే నిమిషానికి 45 మాటలు. తప్పుకు మార్కులు పోయేవి, అందుకే వేగం కంటే ముందు చేతికి నిలకడ నేర్పేవారు. మిషను కూడా అందుకు తగ్గట్టే ఉండేది. మీట దాదాపు అర అంగుళం లోపలికి దిగితే తప్ప ఇనుప కడ్డీ లేచి రిబ్బన్‌ను తాకదు. రెండు మీటలు ఒకేసారి తగిలితే కడ్డీలు ఒకదానికొకటి చిక్కుకొని ఆగిపోయేవి. తప్పు జరిగిందని అక్కడికక్కడే తెలిసేది.

తప్పు తెలియడమే అసలు సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, వరుసల మధ్య ఇరికించిన మాటలు ఉంటే రాసిచ్చినవారు వాటి పక్కన సంతకమో పొడి సంతకమో చేయాలి. లేదంటే అధికారి ఆ కాగితం తీసుకోనని అనవచ్చు. అందుకని ప్రతి దిద్దుబాటునూ అందరూ చూసేవారు. అప్పట్లో తప్పు కాగితం మీద మచ్చగా మిగిలేది. ఇప్పుడు తప్పు కూడా ఒప్పంత శుభ్రంగా అచ్చయి వస్తుంది.

ఇది ఊరికే సణుగుడు అనుకోవద్దు. మా దిక్కు భూమి సంగతి తెలిసినవారికి నా బాధ అర్థమవుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణ కోసం, చుట్టుపక్కల కట్టడాలకు ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి పోయాయి, అందులో మొయినాబాద్ మండలం ఊళ్లు చాలా ఉన్నాయి. అప్పటినుంచి ఇక్కడ సర్వే నంబరు, దాని పక్కన రాసే విస్తీర్ణం అంటే ప్రాణం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఎకరం మూడు గుంటలకు ‘1-3’ అని కొట్టబోయి మూడు రెండుసార్లు పడితే అది ‘1-33’ అవుతుంది. ముప్పై గుంటలు, అంటే 3,630 గజాలు, ఒక్క మీట తాకిడికి పెరిగిపోయాయి. మేం అంకె పక్కన అక్షరాల్లో కూడా రాసేది అందుకే. ఇప్పటి ఫారాల్లో గడిలో అంకె మాత్రమే నింపితే సరిపోతుంది.

తెలుగు టైపు చేసేవారికి ఇంకో పెద్ద గండం ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఎడమ చేతి నాలుగు వేళ్లు ఆనే చోట ఉన్నవి వరుసగా ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి. ఇంగ్లిష్‌లో అనుకోకుండా ఒక అక్షరం పడితే మాట వికారంగా కనిపిస్తుంది, కన్ను పట్టేస్తుంది. తెలుగులో గుణింతపు గుర్తు పడితే అది పోయి ముందు అక్షరానికి అతుక్కుంటుంది. ‘రామ’ అని కొట్టి ఆగినప్పుడు నడిమి వేలు కొంచెం బరువుగా ఆనిందా, ‘రామ్’. ‘బాల’ దగ్గర చూపుడు వేలు ఆనిందా, ‘బాలి’. రెండూ పేర్లే, రెండూ అందంగానే ఉన్నాయి. సరిచూసేవాడు దాటిపోతాడు. రేపు ఆధార్‌లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు అయ్యాక సవరణ దస్తావేజు కోసం ఆ ఆసామి బస్సు ఛార్జీలు పెట్టుకొని తిరగాలి.

మా మనవడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ప్రేమతో ఒక మెకానికల్ కీబోర్డు తెచ్చిచ్చాడు. “తాతా, రెడ్ స్విచ్‌లు, మస్తు స్మూత్ ఉంటయ్. వేలు పెడితే చాలు,” అన్నాడు.

“వేలు పెడితే చాలుడే కదరా బిడ్డా కష్టం,” అన్నాను.

వాడి కొనుగోలును తప్పుపట్టే ముందు ఆ స్విచ్‌ల సంగతి పూర్తిగా తెలుసుకున్నాను. 1980ల్లో జర్మనీ చెర్రీ కంపెనీ ఎంఎక్స్ అనే స్విచ్‌లు తెచ్చింది. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు, రంగును బట్టి గుణం. తర్వాత చైనా నుంచి గేటరాన్, కైల్ వంటివారు అదే తీరులో చేస్తున్నారు. చెర్రీ ఎరుపు 45 సెంటీన్యూటన్ల ఒత్తిడికి, అంటే ఇంచుమించు 45 గ్రాముల బరువుకు, రెండు మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పంపుతుంది. మధ్యలో వేలికి ఏ అడ్డూ తగలదు. ‘స్పీడ్ సిల్వర్’ అనేది ఇంకా ఘోరం. బరువు అంతే, కానీ 1.2 మిల్లీమీటర్లకే పడుతుంది. ఆటలాడే పిల్లలకు అది వరం కావచ్చు, నేను కాదనను. దస్తావేజు కొట్టే చేతికి మాత్రం అది పనికిరాదు.

నలుపు కూడా అడ్డులేనిదే, కానీ 60కి గానీ దిగదు. గోధుమ రంగుది 55, మధ్యలో చిన్న గడ్డలాంటిది వేలికి తగులుతుంది. నీలానిది 60, లోతు 2.2 మిల్లీమీటర్లు, గడ్డతో పాటు టక్కుమని చప్పుడు. ఆ గడ్డ ఎందుకంటే, దాన్ని దాటితేనే అక్షరం పడుతుంది. ఆనిన వేలు గడ్డ ముందే ఆగిపోతుంది. మన మిషనులో అర అంగుళం దూరం చేసిన పనిని ఇక్కడ ఈ చిన్న గడ్డ చేయాలి. ఎరుపులో అది లేదు.

బరువు చూడటానికి పెద్ద సాధనాలేం అక్కర్లేదు. 1992 నుంచి వచ్చిన లావుపాటి తెల్ల అయిదు రూపాయల బిళ్ల 9 గ్రాములు. వాటిని మీట మీద ఒకటొకటిగా పేర్చి, ఎన్నో బిళ్లకు అక్షరం పడుతుందో చూడాలి. మనవడు తెచ్చినదాని మీద అయిదో బిళ్లకు పడింది. 60 గ్రాముల స్విచ్ అయితే ఏడో బిళ్ల దాకా ఆగాలి. కీబోర్డు ఏటవాలుగా ఉంటే లెక్క తప్పుతుంది, దాని కింది కాళ్లు మడిచి సమంగా పెట్టి చూడండి.

ఈ రంగులూ పేర్లూ కొత్తగా వచ్చాయి గానీ, మంచి మీట మన ఆఫీసులకు ఎప్పుడో వచ్చింది. టీవీఎస్ గోల్డ్ కీబోర్డు గుర్తుందా? రైల్వే రిజర్వేషన్ కౌంటర్లలో, బ్యాంకుల్లో టకటకమని మోగేది అదే. దాని లోపల ఉన్నవి చెర్రీ నీలం స్విచ్‌లే. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్ల మీదికి మారడం మొదలయ్యాక టైపు మిషను నుంచి వచ్చిన చేతులు ఇలాంటి మీటల మీద కుదురుకున్నాయి. తర్వాత ఏమైంది? చవక అని రబ్బరు పొర కీబోర్డులు తెచ్చారు. చప్పుడు ఎక్కువని టకటకలాడేవాటిని మూలన పడేశారు. గోద్రెజ్ వాళ్లు 1955లో మన దేశంలో తొలి టైపు మిషను చేసినవారు, 2009లో తయారీ ఆపేశారు. మిషను పోయినందుకు నాకు ఏడుపు లేదు, కార్బన్ కాగితాల కష్టం నాకు తెలుసు. దాంతో పాటు మీటకు ఉండాల్సిన బిగువు కూడా పోయినందుకే నా కోపం.

బిగువు ఉండాలన్నాను కదా అని 80 గ్రాముల స్ప్రింగులు అన్ని మీటలకూ వేయించుకోకండి. పొద్దంతా కొట్టేవారికి సాయంత్రానికి వేళ్లు గుంజుతాయి, అలసిన చేయి ఇంకా ఎక్కువ తప్పులు చేస్తుంది. 55 నుంచి 65 మధ్య, గడ్డ ఉన్నది, రెండు మిల్లీమీటర్లకు తగ్గనిది తీసుకోవాలి. స్పేస్ బార్ ఒక్కటి వేరే లెక్క. బొటనవేలు ఎప్పుడూ దాని మీదే పడుకుంటుంది, పైగా అది అన్నిటికంటే బలమైన వేలు. చెర్రీ వాళ్లే బూడిద రంగుది 80కి చేశారు, దానికి అది సరిపోతుంది. స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి, మీటకొక స్విచ్ పెట్టుకోవచ్చు. అయస్కాంతంతో పనిచేసేవి కూడా వచ్చాయి, ఎంత లోతుకు అక్షరం పడాలో మనమే నిర్ణయించుకోవచ్చట. కొత్తవాటిలో ఇది నిజంగా బుద్ధిగా చేసిన పని. కానీ పిల్లలు దాన్ని మిల్లీమీటరులో పదో వంతుకు పెట్టుకుంటున్నారు! ఇన్‌స్క్రిప్ట్ కొట్టేవారు ఆ ఎడమ చేతి నాలుగు మీటలనూ మూడు మిల్లీమీటర్లకు దింపుకుంటే ‘బాలి’ల బెడద చాలా వరకు తప్పుతుంది.

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడే జబ్బుకు మాత్రం బరువు మందు కాదు. అది లోపలి రేకులు అరిగో, దుమ్ము చేరో వచ్చేది. మా చేవెళ్ల రోడ్డు దుమ్ముకు అది మామూలే. ఆ స్విచ్ తీసేసి కొత్తది వేయడమే మేలు.

ఇక కూర్చునే తీరు. ఏ స్విచ్ వేసినా అరచేతులు బోర్డు మీద పడేసి కొడితే దండగ. షాపుల్లో బల్ల ఛాతీ దాకా ఉంటుంది, కింద ప్లాస్టిక్ కుర్చీ. మోచేయి కిందికి జారి, మణికట్టు పైకి విరిగి ఉంటుంది. అలా కూర్చుంటే వేళ్ల మీద చేయి బరువంతా పడుతుంది, ఏ మీట ఆగుతుంది? మాకు మొదటి రోజే కుర్చీ ఎత్తు సరిచేసేవారు. ఇప్పుడు ‘టైపింగ్ వచ్చా’ అని అడిగితే ‘వస్తది’ అంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే జవాబు ఉండదు.

అమ్మేవాళ్ల మీద కూడా నాకు కోపమే. మేం పట్నంలో మిషను కొనబోతే దుకాణంలో కూర్చోబెట్టి కాగితం ఎక్కించి కొట్టనిచ్చేవారు. ఇప్పుడు కీబోర్డు అట్టపెట్టెలో ఇంటికి వస్తుంది. పెట్టె మీద ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయో పెద్ద అక్షరాలతో ఉంటుంది. మీట ఎంత బరువుకు దిగుతుందో, ఎంత లోతుకు పడుతుందో వెతికినా కనిపించదు. ఆ రెండు అంకెలూ పెట్టె మీద అచ్చువేయాలి, వేయించాలి.

రకానికొక స్విచ్ బిగించిన చిన్న పలకలు దొరుకుతాయని తెలిసి మనవడితో ఒకటి తెప్పించాను. జాబ్ టైపింగ్ షాపులో పనిచేసే అమ్మాయి ఒకామె వచ్చి అన్నీ నొక్కి చూసింది. గడ్డ లేకపోయినా బిగువు చూసి నాకు నలుపు నచ్చింది. ఆమె గోధుమ రంగుది పట్టుకొని, “తాతా, పొద్దంత కొట్టాలె, గిదే సరిపోతది. ఆ గడ్డ తెలుస్తుంది గద,” అంది. పొద్దంతా కొట్టే చేయి ఆమెది, సరేనన్నాను. స్పేస్ బార్‌కు మాత్రం 80 గ్రాములదే వేయించమన్నాను, వేయించింది.